అతిథులను ఎన్నుకొను నగరములు

ఇంటికి వచ్చిన అతిథిని ముందుగా కూర్చుండుమని, దాహమిచ్చి, పిమ్మట ఊరు పేరు అడుగుట మన పెద్దల మర్యాద. నగరముల మర్యాద వేరు. నగరము మొదట ఊరు పేరు అడుగును. ఏమి చదివితివని, ఎంత సంపాదించుచుంటివని, వెంట ఎంత ధనము తెచ్చితివని అడుగును. సమాధానము నచ్చినచో ఆసనము చూపును. నచ్చనిచో వాకిటి నుండియే పంపివేయును. ఈ ప్రశ్నలనే నిబంధనలుగా వ్రాసి, ప్రభుత్వ ముద్ర వేసి, ప్రపంచమునకు చాటుచున్న నగరములు నేడు కొన్ని కలవు. ప్రతిభావంతులను, పెట్టుబడిదారులను తమ వద్దకు రప్పించుకొనుటకు అవి పరస్పరము పోటీపడుచున్నవి. ఆ నిబంధనలు ఎట్టివి, అవి ఎందుకు పుట్టినవి, వాని వలన ఎవరికి మేలు, ఎవరికి భారము అను విషయములను మేము ఇచ్చట వివరింపదలచితిమి. మన ఇండ్లలో చదువు ముగించి విదేశముల వైపు చూచుచున్న పిల్లలు ఎందరో కలరు. కనుక ఇది దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు.

ముందొక మాట స్పష్టముగా తెలిసికొనవలెను. విదేశీయులను దేశములోనికి రానిచ్చు అధికారము సామాన్యముగా నగరములకు ఉండదు. మన రాజ్యాంగము ప్రకారము ఆ విషయము కేంద్ర జాబితాలోనిది. హైదరాబాదు గాని విశాఖపట్టణము గాని తనకు కావలసిన విదేశీ నిపుణునకు స్వయముగా వీసా ఇయ్యజాలదు. రోడ్లు వేయవచ్చును, స్థలము చూపవచ్చును, పన్ను తగ్గింపవచ్చును. తలుపు మాత్రము ఢిల్లీ తెరవవలెను. దీనికి అపవాదముగా నిలిచిన నగరములలో రెండింటిని చూతము. సింగపూరు 1965 నుండి తానే ఒక దేశము. హాంగ్‌కాంగు 1997 జూలై 1 నుండి చైనా సార్వభౌమాధికారము క్రిందనున్నను, తన మూలశాసనములోని 154వ అధికరణము ననుసరించి విదేశీయుల రాకపోకలను తానే నియంత్రించుకొనుచున్నది. నగరమే ద్వారపాలకుడైనపుడు ఏమి జరుగునో చూచుటకు ఈ రెండింటికంటె మంచి ఉదాహరణములు దొరకవు.

పరదేశీయులను పట్టణమునకు ఆకర్షించు పద్ధతి క్రొత్తదేమియు కాదు. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవును తలచుకొందము. 1244 సంవత్సరమున కాకతి గణపతిదేవుడు అచ్చట అభయశాసనము వేయించెను. గాలివానకు చెదరి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరుకును పూర్వపు రాజులు బలాత్కారముగా గైకొనెడివారు. గణపతిదేవుడు ఆ ఆచారమును మాన్పి, నిర్ణయించిన సుంకము తప్ప వేరేమియు తీసికొనమని నావికవర్తకులకు అభయమిచ్చెను. 1358లో అనపోత రెడ్డి అదే రేవున మరియొక శాసనము వేయించెను. అచ్చట నివసింప వచ్చు వర్తకులకు నెలవు కల్పింతుమని, వారు వెడలిపోదలచినపుడు ఆటంకపెట్టమని, పుత్రులు లేని వారి సొత్తును ప్రభుత్వము గైకొను పద్ధతిని విడిచితిమని అందు హామీ యిచ్చెను. వచ్చువాడు కోరునది నాడును నేడును ఒక్కటియే: తెచ్చిన సొత్తునకు రక్షణ, నిలుచుటకు చోటు, పోదలచినపుడు పోవు స్వేచ్ఛ, నిబంధనలు రేపు మారవను నమ్మకము. ఈ నాలుగు అంశములను మనసున ఉంచుకొని హాంగ్‌కాంగునకు పోవుదము.

హాంగ్‌కాంగు పెరిగినది పిలిచిన వారి వలన కాదు, పిలువక వచ్చిన వారి వలన. 1842లో ఆ దీవి బ్రిటిషువారి వశమైన నాటి నుండి వ్యాపారులు, నావికులు, కూలీలు వచ్చి చేరిరి. వారిలో భారతీయులును కలరు. హార్బరును దాటించు ప్రసిద్ధమైన స్టార్ ఫెర్రీకి మూలమైన పడవల సంస్థను 1888లో నెలకొల్పినవాడు దొరాబ్జీ నౌరోజీ అను పార్సీ. హాంగ్‌కాంగు విశ్వవిద్యాలయ స్థాపనకు పెద్ద విరాళమిచ్చినవాడు హోర్ముస్జీ మోదీ అను మరియొక పార్సీ. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన 1945లో నగర జనాభా సుమారు 6 లక్షలు. చైనాలో అంతర్యుద్ధము, 1949 విప్లవము సాగిన పిమ్మట, 1951 నాటికి అది 20 లక్షలు దాటెను. కొండవాలులందు గుడిసెలు వేసికొన్న ఆ శరణార్థులలో చేతిపనివారు కలరు. షాంఘై నుండి యంత్రములను, మూలధనమును, అనుభవమును తెచ్చిన నూలుమిల్లుల యజమానులును కలరు. నగరపు పరిశ్రమకు పునాది వేసినవారు వీరే. ఒకరికి గుణాంకములు లేవు, ఒకరిని డిగ్రీ అడిగినవారు లేరు. 1980 అక్టోబరు వరకు, చైనా నుండి దొంగతనముగా వచ్చినవాడు సరిహద్దులో చిక్కక నగరమునకు చేరగలిగినచో ఉండనిచ్చు పద్ధతి సాగెను. ఆ యేట అది రద్దయి, తలుపు మూయబడెను.

మూసిన తలుపును ఎంచి ఎంచి తెరచు యుగము ఆ పిమ్మట వచ్చినది. ఎందుకు తెరువవలసి వచ్చెనో చూడుడు. హాంగ్‌కాంగున శిశుజననములు ప్రపంచమున కెల్ల తక్కువయైన ప్రాంతములలో ఉన్నవి. వృద్ధుల సంఖ్య పెరుగుచున్నది. 2019లో నగరమున పెద్ద ఆందోళనలు చెలరేగెను. 2020 జూన్ 30న జాతీయ భద్రతా చట్టము అమలులోనికి వచ్చెను. 2021 జనవరి 31 నుండి బ్రిటను తన విదేశ పాస్‌పోర్టు గల హాంగ్‌కాంగు వాసులకు ప్రత్యేక వీసా మార్గమును తెరచెను. దీనికి కోవిడ్ కాలపు కఠినమైన ఏకాంతవాస నిబంధనలు తోడయ్యెను. విద్యావంతులైన కుటుంబములు పిల్లలతో సహా తరలిపోయినవి. 2022 అక్టోబరు 19న నగర ప్రభుత్వాధినేత జాన్ లీ తన విధాన ప్రసంగమున, గడచిన రెండేండ్లలో స్థానిక శ్రామికశక్తి సుమారు 1,40,000 మంది మేర తగ్గినదని స్వయముగా ప్రకటించెను. 75 లక్షల జనాభా గల నగరమునకు ఇది చిన్న లోటు కాదు. ఏడాదికి కనీసము 35,000 మంది ప్రతిభావంతులను రప్పించుట లక్ష్యమని ఆయన అప్పుడే చెప్పెను.

ఇప్పుడు ఆ నగరపు ద్వారములను ఒక్కొక్కటిగా చూతము. మొదటిది ఉద్యోగద్వారము. ఇది అన్ని దేశములలోను ఉన్నదే. ఒక కంపెనీ మిమ్ము కోరవలెను. ఆ పని స్థానికులచే సులభముగా జరుగదని చూపవలెను. జీతము అచ్చటి వాడుకకు తగియుండవలెను. విదేశీయులకు సామాన్య ఉద్యోగ విధానము, చైనా ప్రధాన భూభాగపు నిపుణులకు 2003లో ఏర్పడిన ప్రత్యేక పథకము ఈ కోవలోనివి. ఈ ద్వారమున యజమానియే మధ్యవర్తి. అతడు చేయి విడిచినచో మీ నిలుకడకు ఆధారము సడలును.

రెండవది గుణాంకముల ద్వారము. 2006 జూన్‌లో తెరువబడిన ఈ పథకమున ఉద్యోగము చేతిలో ఉండనక్కరలేదు. వయస్సు, చదువు, అనుభవము, భాషాజ్ఞానము మొదలగువానిని తూచి ఎంపిక చేయుదురు. ఒలింపిక్ పతకము, నోబెల్ బహుమానము వంటి అసామాన్య ఘనత గలవారికి వేరొక తూకము కలదు. చైనా పియానో విద్వాంసుడు లాంగ్ లాంగ్ మొదటి యేటనే ఈ ద్వారమున ప్రవేశించెను. మొదట ఏడాదికి 1,000 మందికే అనుమతి యుండెను. ఆ సంఖ్య క్రమముగా 4,000 వరకు పెరిగి, 2023 నుండి ఆ పరిమితినే పక్కన పెట్టిరి. పరిమితి చిన్నదైనపుడు దానిని గౌరవమనిరి. జనము తగ్గినపుడు దానిని అడ్డంకి యనిరి. నగరపు అవసరమే నిబంధనకు అర్థమును మార్చునని ఇందు వలన తెలియుచున్నది.

మూడవది విద్యార్థుల ద్వారము. హాంగ్‌కాంగు విశ్వవిద్యాలయములలో చదివి పట్టము పొందిన పరదేశ విద్యార్థి వెంటనే వెడలిపోనక్కరలేదు. 2008 నుండి 12 నెలలు, 2022 డిసెంబరు నుండి 24 నెలలు ఉద్యోగము వెదకికొనుటకు గడువు కలదు. నగరమున ఇది అన్నింటికంటె తెలివిగల మార్గమని మా అభిప్రాయము. ఏలయన ఆ యువకుడు అప్పటికే అచ్చటి అద్దెలు, వాతావరణము, భాష, పని పోకడ ఎరిగియుండును. నగరమును అతడెరుగును, అతనిని నగర మెరుగును.

నాలుగవది 2022 డిసెంబరు 28న తెరచిన ఉన్నత ప్రతిభా పాసు. దీని గురించియే నేడు ఎక్కువగా వినబడుచున్నది. ఇందు మూడు తరగతులు. మొదటి తరగతి, గత సంవత్సరమున 25 లక్షల హాంగ్‌కాంగు డాలర్లు, అనగా మన రూపాయలలో రెండున్నర కోట్లకు పైగా, సంపాదించినవారు. రెండవ తరగతి, ప్రభుత్వ జాబితాలోని ఉన్నత విశ్వవిద్యాలయముల పట్టభద్రులై, గత అయిదేండ్లలో కనీసము మూడేండ్ల పని అనుభవము గలవారు. మూడవ తరగతి, అట్టి విశ్వవిద్యాలయముల నుండి గత అయిదేండ్లలో పట్టము పొంది, అంత అనుభవము లేనివారు. వీరికి ఏడాదికి 10,000 అను పరిమితి కలదు. ఉద్యోగము ముందుగా చూపనక్కరలేదు. మొదట రెండేండ్లకు పాసు ఇచ్చెడివారు. 2024 నవంబరు నుండి మొదటి తరగతివారికి మూడేండ్లు ఇచ్చుచున్నారు. గడువు తీరిన పిమ్మట ఉండదలచినచో ఉద్యోగమో, నడచుచున్న స్వంత వ్యాపారమో చూపవలెను.

ఈ పాసు నందలి సూక్ష్మము గమనింపదగినది. ఇందు మనిషిని తూచునది అతని పనితనము కాదు. అతని జీతపు చీటి, లేదా అతడు చదివిన కళాశాల పేరు. అధికారికి ఇది సులభము. కాగితము చూచి కొలది వారములలో నిర్ణయింపవచ్చును. కాని జాబితాలో లేని కళాశాలలో చదివి, చక్కగా వంతెనలు కట్టగల ఇంజనీరునకు ఈ తలుపు తెరచుకొనదు. పేరుగల విద్యాలయమున చదివి, పని దొరకని యువకునకు తెరచుకొనును. ఈ పాసు పొందినవారిలో అత్యధికులు చైనా ప్రధాన భూభాగము నుండి వచ్చినవారే. లోకమంతటి ప్రతిభను పిలిచిన పిలుపునకు ఇరుగుపొరుగే ఎక్కువగా పలికినది. ఆశ్చర్యపడనక్కరలేదు. ఏ నగరమునకైనను దాని భాష తెలిసినవాడు, దాని రైలెక్కగలవాడు ముందు వచ్చును.

ఇక ధనద్వారము. 2003 అక్టోబరులో, సార్స్ వ్యాధి వలన వ్యాపారము కుంగియున్న కాలమున, హాంగ్‌కాంగు పెట్టుబడిదారులకు నివాసము ఇచ్చు పథకమును ప్రారంభించెను. 65 లక్షల హాంగ్‌కాంగు డాలర్లను షేర్లలోనో, బాండ్లలోనో, ఇండ్లలోనో పెట్టినచో నివసింపవచ్చును. దుకాణము తెరువనక్కరలేదు, ఒకరికి ఉద్యోగమియ్యనక్కరలేదు. ధనము వచ్చినది, దానితోపాటు ఇండ్ల ధరలును పెరిగినవి. అద్దె ఇంటిలో ఇరుకున బ్రదుకు సామాన్యుడు గొణగుట సహజమే. 2010 అక్టోబరులో మొత్తమును కోటి డాలర్లకు పెంచి, ఇండ్ల కొనుగోలును లెక్కనుండి తొలగించిరి. 2015 జనవరి 15న పథకమునే నిలిపివేసిరి. ధనమును ఆకర్షించుట నగరమునకు అప్పటి ముఖ్యావసరము కాదని ప్రభుత్వము చెప్పెను.

ఆ పథకమున ఒక వింత జరిగినది. చైనా ప్రధాన భూభాగవాసులకు ఇది నేరుగా వర్తింపదు. వేరొక దేశమున స్థిరనివాసము ఉన్నచో వర్తించును. అందుచేత చైనా ధనికులు అనేకులు ఆఫ్రికాలోని గాంబియా, గినీ బిస్సావు వంటి దేశముల నివాసపత్రములను సంపాదించి, ఆ పత్రముతో హాంగ్‌కాంగు తలుపు తట్టిరి. ఆ దేశములలో వారు కాపురముండినది లేదు. నిబంధన యొక్క అక్షరము నెరవేరినది, ఉద్దేశము నెరవేరలేదు. కంచెకు సందున్నచో మేక దూరుట సహజము. ఆ సందు ఎక్కడనున్నదో ముందుగా చూచుట కంచె కట్టువాని పని.

జనము, ధనము రెండును తరలిపోవుచున్న కాలమున అదే పథకము మరల వచ్చినది. 2024 మార్చి 1 నుండి అమలైన క్రొత్త పథకమునకు కావలసిన మొత్తము 3 కోట్ల హాంగ్‌కాంగు డాలర్లు. మన లెక్కలో 30 కోట్ల రూపాయలకు పైమాటే. అందులో 30 లక్షల డాలర్లు, నూతన విజ్ఞాన పరిశ్రమల వంటి నగర ప్రయోజనముల కొరకు ఏర్పరచిన ప్రత్యేక నిధికి పోవలెను. ఈ చిన్న భాగమే పాత పథకమునకు, క్రొత్త పథకమునకు గల ముఖ్య భేదము. షేర్లలో నిలిచిన ధనము రేపు ఒక్క మీట నొక్కిన వెడలిపోవును. పరిశ్రమలో దిగిన ధనము కొంతకాలము నిలుచును. నగరము పాఠము నేర్చినదనుటకు ఇది గుర్తు.

సింగపూరు పద్ధతి మరియొక విధము. అచ్చట పెట్టుబడిదారుల పథకము 2004 నుండి ఉన్నది. 2023 మార్చిలో దానిని కఠినము చేసిరి: వ్యాపారమున నేరుగా పెట్టువారు కోటి సింగపూరు డాలర్లు, ప్రభుత్వము ఎంపిక చేసిన నిధులలో పెట్టువారు 2.5 కోట్ల డాలర్లు చూపవలెను. అంతకుముందు జనవరి 1 నుండి, నెలకు 30,000 సింగపూరు డాలర్లు ఆర్జించువారికి అయిదేండ్ల ప్రత్యేక పాసును కూడ ప్రవేశపెట్టిరి. ఆ పాసు గలవాడు ఒకే యజమానిని పట్టుకొని యుండనక్కరలేదు. ఇవి కొలదిమందికి. మన తెలుగు యువకులలో ఎక్కువమందికి సంబంధించినది సామాన్య ఉద్యోగ పాసు. దానికి 2023 సెప్టెంబరు 1 నుండి క్రొత్త దరఖాస్తులకు ఒక గుణాంకముల పట్టిక అమలులోనికి వచ్చెను. దానిని కొంచెము విపులముగా చెప్పెదము.

పట్టికలో నాలుగు ముఖ్యాంశములు: అభ్యర్థి జీతము, అతని చదువు, ఆ కంపెనీలో అతని జాతీయుల పాలు, ఆ కంపెనీ స్థానికులకు ఇచ్చుచున్న ఉద్యోగముల పాలు. ఒక్కొక్కదానికి 0, 10, లేక 20 గుణములు. వీనికి తోడు, కొరతగా నున్న వృత్తులకు, ప్రభుత్వము ముఖ్యమని తలచిన కార్యములకు అదనపు గుణములు. మొత్తము 40 వచ్చినచో ఉత్తీర్ణుడు. ఇందు మూడవ అంశమును చూడుడు. ఒక కంపెనీ ఉన్నతోద్యోగులలో అభ్యర్థి జాతీయులు నూటికి 25 గాని అంతకు మించి గాని ఉన్నచో అతనికి సున్న; 5 కంటె తక్కువైనచో 20. అనగా భారతీయులు నిండియున్న కంప్యూటరు కంపెనీలో మరియొక భారతీయుడు చేరదలచినచో, అతని తప్పేమియు లేకయే ఆ గుణములు పోవును. అదే యువకుడు భారతీయులు అరుదుగా నున్న సంస్థలో దరఖాస్తు చేసినచో పూర్తి గుణములు పొందును. మన వారున్న చోటికే పోవుట మన అలవాటు. సింగపూరు ఆ అలవాటునకు ఖరీదు కట్టినది.

ఇట్టి నిబంధన ఊరక పుట్టలేదు. 2013 జనవరిలో సింగపూరు ప్రభుత్వము జనాభాపై ఒక శ్వేతపత్రము వెలువరించెను. 2030 నాటికి జనాభా 69 లక్షల వరకు చేరవచ్చునని అందు అంచనా. మరుసటి నెల హాంగ్ లిమ్ ఉద్యానమున వేలాది పౌరులు గుమికూడి నిరసన తెలిపిరి. సభలు అరుదైన ఆ నగరమున అది పెద్ద విశేషము. రైళ్లు కిక్కిరిసినవని, ఇండ్లు అందరానివైనవని, మంచి ఉద్యోగములకు తమ బిడ్డలను పిలువకయే పరదేశీయులను తీసికొనుచున్నారని వారి ఫిర్యాదు. 2014 నుండి కంపెనీలు పరదేశీయునకు పాసు అడుగుటకు ముందు ఆ ఉద్యోగమును ప్రభుత్వ వేదికపై ప్రకటింపవలెనను నియమము వచ్చినది. గుణాంకముల పట్టిక దానికి కొనసాగింపు. అతిథి యెంత గుణవంతుడైనను, ఇంటివారికి పడక చాలనపుడు అతిథిపై కోపము వచ్చును. ఇంటి పెద్ద ముందు పడకలు చూచుకొని పిమ్మట పిలువవలెను.

పిలుపు అందని వారి సంగతి ఇంకను చెప్పవలసి యున్నది. హాంగ్‌కాంగున ప్రతిభా పాసుపై వచ్చిన భార్యాభర్తలు ఇరువురును ఉద్యోగమునకు పోవుదురు. వారి బిడ్డకు అన్నము పెట్టువారెవరు? వారి వృద్ధురాలైన తల్లిని ఆసుపత్రికి తీసికొనిపోవువారెవరు? ఫిలిప్పీన్సు, ఇండోనేషియాల నుండి వచ్చిన ఇంటిపని స్త్రీలు. వారి సంఖ్య 3 లక్షలకు పైబడి యున్నది. వారు యజమాని ఇంటనే నివసింపవలెను. ఒప్పందము ముందుగా తెగినచో రెండు వారములలో నగరము విడువవలెను. ఇతరులు వరుసగా ఏడేండ్లు నివసించినచో శాశ్వత నివాసమునకు అర్హులు. వీరు ఇరువది యేండ్లు పనిచేసినను కారు. ఒక ఫిలిప్పీన్సు స్త్రీ ఈ విషయమై న్యాయస్థానమునకు పోగా, 2013 మార్చి 25న హాంగ్‌కాంగు అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. వీరి నివాసము ఒకే యజమానికి, ఒకే పనికి కట్టుబడినదని, ఒప్పందము తీరగనే తిరిగిపోవలెనను షరతుపై వచ్చినవారని, అందుచేత ఇది సాధారణ నివాసము కాదని ఆ తీర్పు సారాంశము.

చట్టము మాట అది. ధర్మము మాట వేరుగా ఆలోచింపదగినది. ఏడాదికి 25 లక్షల డాలర్లు ఆర్జించు నిపుణుడు నగరమునకు లాభమే. కాని అతని ఇల్లాలు నిశ్చింతగా పనికి పోగలుగుట ఎవరి వలన? ప్రతిభను జీతముతో కొలిచినపుడు, జీతము తక్కువైన పనులెల్ల ప్రతిభ లేనివిగా కనబడును. వృద్ధుని పడకపై నుండి లేపి కూర్చుండబెట్టుట కూడ నేర్పుతో కూడిన పనియే. జనము ముసలిదగుచున్న నగరమునకు రేపు అట్టి చేతులే ఎక్కువగా కావలసియుండును.

ఈ ద్వంద్వమును మన తెలుగువారు దుబాయిలో కన్నులారా చూచుచున్నారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్సు 2019లో గోల్డెన్ వీసా ప్రారంభించెను. 20 లక్షల దిర్హముల విలువగల స్థిరాస్తి కొన్నవారికి, ఎన్నికైన వృత్తినిపుణులకు అది పదేండ్ల నివాసమిచ్చును. అదే నగరమున భవనములు కట్టినవారిలో కరీంనగరము, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతముల బిడ్డలు వేలాది కలరు. వారి వీసా యజమాని చేతిలోనిది. ఒకే విమానమున ఇరువురు తెలుగువారు దిగుదురు. ఒకనికి బంగారు అక్షరములు, మరియొకనికి అప్పు పత్రము. పదవతరగతి గట్టెక్కని వారు గల్ఫు దేశములకు పనికి పోవునపుడు, 1983 నాటి మన వలస చట్టము ప్రకారము ప్రభుత్వానుమతి పొందవలెను. ఏజెంటు ద్వారా పోవునచో అతడు రిజిస్టరైనవాడై యుండవలెను. ఆ నియమము వారి రక్షణ కొరకే యని మరువరాదు.

ఇక మన ఇండ్లవారు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని. వచ్చిన పాసు యజమానికి కట్టుబడినదా, మనిషికి ఇచ్చినదా? ఉద్యోగము పోయినచో ఎన్ని దినములు నిలువవచ్చును? భార్య లేక భర్త పని చేయవచ్చునా? హాంగ్‌కాంగున ప్రతిభా పాసుపై వచ్చిన వారి భార్య గాని భర్త గాని ఉద్యోగము చేసికొనవచ్చును. సింగపూరున 2021 మే నుండి వారు తమకు వేరుగా పని పాసు సంపాదింపవలెను. అసలు కుటుంబమును వెంట తెచ్చుకొనుటకే నెలకు కనీసము 6,000 సింగపూరు డాలర్ల జీతము ఉండవలెను, తల్లిదండ్రులను తెచ్చుకొనుటకు 12,000 ఉండవలెను. అచ్చట తల్లిదండ్రుల ద్వారా స్థిరనివాసము పొందిన మగపిల్లవాడు యుక్తవయస్సున సైనిక సేవ చేయవలసి యుండును. స్థిరనివాసపు కాగితము చేతికి వచ్చిన సంతోషమున ఈ మాట విననివారు, పిల్లవానికి పదునెనిమిదేండ్లు వచ్చినపుడు ఉలికిపడుదురు.

పొలము అమ్మి పెట్టుబడి వీసా తీసికొందమను ఆలోచన గలవారు మరియొకటి అడుగవలెను: ఆ ధనము ఎన్నేండ్లు అచ్చట బంధింపబడియుండును, దాని విలువ తగ్గినచో నివాసము నిలుచునా, నిబంధన మారినచో పాతవారికి వర్తించునా? హాంగ్‌కాంగు పథకము పన్నెండేండ్లలో ప్రారంభమై, కఠినమై, నిలిచిపోయినదని పైన చూచితిమి. తొమ్మిదేండ్ల పిమ్మట, నిలిచిన నాటి మొత్తమునకు మూడింతలతో మరల వచ్చినది. నగరముల ఆదరణ ఆకాశము వలె శాశ్వతము కాదు. అది ఋతువు వంటిది. ఈ వివరములన్నియు ఆ ప్రభుత్వముల శాఖలే బహిరంగముగా ప్రకటించుచున్నవి. పెట్టుబడి పథకములకు దరఖాస్తును ఎవరికి వారే పంపుకొనవచ్చును. తలుపు తెరపింతునని లక్షలు అడుగు మధ్యవర్తి చేతిలో తాళపుచెవి ఉండదు.

నగరములకును ఒక మాట. నిపుణుడు వచ్చుట ఒక యెత్తు, నిలుచుట ఒక యెత్తు. జీతము చూచి వచ్చినవాడు అధిక జీతము చూచి పోవును. బిడ్డకు బడి, తల్లికి వైద్యము, ఇరుగుపొరుగున పలుకరింపు, న్యాయస్థానమున సమానత, మాటలాడుటకు వెరపులేని గాలి, ఇవి దొరికిన చోట మాత్రము అతడు వేళ్లు దింపును. ఈ వస్తువులను పరదేశీయునకు వేరుగా వండి వడ్డించుట సాధ్యము కాదు. నగరపు స్వంత బిడ్డలకు అవి ఉన్నచో అతిథికిని ఉండును. వారికి లేనిచో అతిథికిని చిరకాలము ఉండవు. 2020 తరువాత హాంగ్‌కాంగు విడిచిపోయినవారిలో వైద్యులు, ఉపాధ్యాయులు, నర్సులు ఎందరో కలరు. వారి స్థానమున క్రొత్తవారిని పిలుచుటకు ఎన్ని పాసులు అచ్చువేసినను, వారు ఎందుకు పోయిరను ప్రశ్నకు సమాధానము ఆ పాసులలో దొరకదు.